మువ్వలో మైనం

ఒక కొండ మీద ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో పిల్లలందరి కాళ్ళకూ మువ్వలుండేవి.

పిల్ల మొదటి అడుగు వేసిన రోజే కుడికాలికి మువ్వ కట్టేవాళ్ళు. నిమ్మకాయంత కంచు మువ్వ, లోపల ఒక చిన్న గుండు. పదహారేళ్ళు నిండి, గొర్రెల్ని తోలుకుని మొదటిసారి కనుమ దాటే నాడు తాడు కోసి దాన్ని తీసేసేవాళ్ళు. అప్పటిదాకా తీయకూడదు. ఆ ఊరికి ఏడాదిలో సగం రోజులు పొగమంచు పడుతుంది. ముంగిట్లో నిలబడ్డ మనిషికి ముంగిట్లోనే ఉన్న మేక కనపడదు. కళ్ళు పనిచెయ్యని చోట పిల్లల్ని చెవులతో పెంచుకోవాలి మరి.

ఆ ఊళ్ళో గొంగళ్ళు నేసే ఒకామె ఉండేది. అందరూ ఆమెను గొంగళ్ళమ్మ అనేవాళ్ళు. భర్త మందను తోలుకుని దిగువకు పోతే నాలుగైదు నెలల దాకా తిరిగిరాడు. ఇంట్లో ఆమె, మగ్గం, ఒక్కగానొక్క కూతురు. చేతులు మగ్గం మీద, చెవులు మువ్వ మీద, అదీ ఆమె బతుకు. మువ్వ గలగలమంటే పిల్ల పరిగెత్తుతోందని, ఘల్లుమని ఒక్కసారి మోగి ఆగిపోతే గోడ దూకిందని, సన్నగా భయంభయంగా మోగితే బెల్లం జాడీ దగ్గరికి చేరిందని ఆమెకు తెలిసిపోయేది. "ఒసేయ్, మూత పెట్టు" అని కూర్చున్న చోటినుంచే కేక వేసేది. మా అమ్మకు వీపున కూడా కళ్ళున్నాయని పిల్ల ఊరంతా చెప్పుకొచ్చింది.

ఆ మాట చెవిన పడి తల్లి మురిసిపోయింది. మురిసి ఊరుకుంటే బాగుండేది. నలుగురు ఆడవాళ్ళు చేరిన చోటల్లా, "మీ పిల్లల సంగతి నాకు తెలీదు గాని, నా కూతురి మనసులో ఏముందో దాని మువ్వే నాకు చెప్పేస్తుంది" అనడం అలవాటు చేసుకుంది. ఇలాంటి మాటలు పైనున్న దేవుడు జాగ్రత్తగా వింటాడు.

పిల్లకు పదమూడో ఏడు వచ్చింది. ఒకనాడు పొద్దున మువ్వ మోగలేదు.

ఇంకా నిద్ర లేవలేదు కాబోలు అనుకుంది గొంగళ్ళమ్మ. లోపలికి పోయి చూస్తే పక్క ఖాళీ. గబగబా వెనక్కి తిరిగితే, పిల్ల ఆమె వెనకే గోడకానుకుని నిలబడి జడ అల్లుకుంటోంది.

"ఎప్పుడొచ్చావే?"

"ఇక్కడే ఉన్నా."

"మువ్వకేమైంది?"

"ఏం లేదు."

ఆ రోజునుంచి ఆ ఇంట్లో 'ఏం లేదు' అనే మాట కాపురం పెట్టింది. అన్నం ఎందుకు మానేశావంటే ఏం లేదు. ఎందుకు ఏడుస్తున్నావంటే ఏం లేదు. పోనీ ఎందుకు నవ్వుతున్నావే తల్లీ అంటే, అదీ ఏం లేదే. నిన్నటిదాకా కొంగు వదలని పిల్ల, దగ్గరికి తీసుకుంటే చేప జారినట్టు జారిపోయేది. అంతలోనే ఏ కారణమూ లేకుండా వచ్చి ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. తల నిమరబోతే లేచి వెళ్ళిపోయేది. ఇంటి పనులు చేసేది, కాదనడానికి లేదు. చేసేసి కొండపైకి పోయేది. ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో చెవికి తెలిసేది కాదు.

ఆమె పిల్లను వెంటబెట్టుకుని మువ్వల తాత దగ్గరికి పోయింది. ఊరి చివర కొలిమి పెట్టుకుని ఆ ఊరి మువ్వలన్నీ పోసేది ఆ ముసలాయనే. ఆయన మువ్వను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు, పిల్ల ముఖం చూశాడు, మాట్లాడకుండా కొత్త మువ్వ కట్టాడు. కొలిమి దగ్గర అది ఘల్లుమంది. సగం దారి వచ్చేసరికి దాని నోరు పడిపోయింది. మళ్ళీ తీసుకుపోతే ఇంకాస్త పెద్ద మువ్వ కట్టాడు. అది ఇల్లు చేరేదాకా మోగింది, అంతే.

"మువ్వలో లోపం లేదు తల్లీ" అన్నాడు తాత.

"మరి పిల్లలో ఉందా?"

"అట్లా నేనన్నానా?" అని ఆయన కొలిమి ఊదుకున్నాడు.

ఇక చెప్పుకోవడానికి సిగ్గు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అన్నాళ్ళు గొప్పలు పోయిన నోటితో నా కూతురి మువ్వ మూగబోయిందని ఎట్లా చెప్తుంది? పిల్ల పైకి పోయినప్పుడల్లా గొంగళ్ళమ్మ పెరట్లోకి పోయి, తాత తుడిచి తిరిగిచ్చిన మొదటి మువ్వను చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించేది. వింటున్నవాళ్ళు, పాపం పిల్ల పెరట్లో ఆడుకుంటోంది అనుకోవాలని ఆమె తంటాలు.

ఒక సాయంత్రం ఆమె అలా ఆడిస్తుంటే గోడ అవతలినుంచి కూడా మువ్వల మోత వినిపించింది. అది పక్కింటాయన పెరడు. ఆయన బుర్రమీసాల మనిషి. పద్నాలుగేళ్ళ కొడుకును కట్టుదిట్టంగా పెంచుతున్నానని ఆయనకు మహా పేరు. మొక్కై వంగనిది మానై వంగునా అని రోజుకోసారైనా అనందే ఆయనకు ముద్ద దిగదు. గొంగళ్ళమ్మ మునివేళ్ళ మీద లేచి గోడ మీదుగా చూసింది. కొడుకు లేడు. బుర్రమీసాలాయన రోలు మీద కూర్చుని, చేతిలో మూడు మువ్వలు పట్టుకుని శ్రద్ధగా వాయిస్తున్నాడు.

ఆయన తలెత్తాడు. ఆమె చేతిలో మువ్వ ఆయన చూశాడు, ఆయన చేతిలో మువ్వలు ఆమె చూసింది. ఎవరిళ్ళలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ మూడు మువ్వల వెనక ఒక కథ ఉంది. పొగమంచులో ఎవరైనా దారి తప్పితే ఊరంతా డప్పులు తీసుకుని కేకలు వేస్తూ కొండంతా తిరగడం అక్కడి ఆనవాయితీ. అంతకు ముందేడు పక్కింటాయన కొడుకు మంచులో చిక్కుకున్నాడు. తండ్రి డప్పు కొడుతూ, ఒరేయ్ ఒరేయ్ అని అరుస్తూ ఒక గుట్ట చుట్టూ వెతకడం మొదలుపెట్టాడు. కొడుకు ఆ గొంతు విని అటు నడిచాడు. వాడు వచ్చేసరికి తండ్రి ముందుకు పోయాడు. వాడు మళ్ళీ గొంతు వెంట నడిచాడు. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా తండ్రి కొడుకును వెతుకుతూ, కొడుకు తండ్రిని పట్టుకోబోతూ, ఆ ఒక్క గుట్ట చుట్టూ గానుగెద్దుల్లా తిరిగారు. మంచు విడిపోయాక చూస్తే ఒకే బండకు ఇటొకరు అటొకరు కూలబడి ఉన్నారు. ఇద్దరికీ గొంతులు పోయాయి. ఇందులోంచి ఊరు నేర్చుకున్నదల్లా ఒక్కటే. డప్పులు చాలలేదని. తండ్రి నేర్చుకున్నది మువ్వ ఒక్కటి చాలలేదని. మూడు కట్టాడు. కొడుకు నెల తిరక్కుండా పిల్లిలా నడవడం నేర్చుకున్నాడు.

గొంగళ్ళమ్మ కూతురి రహస్యం ఒక మధ్యాహ్నం బయటపడింది. పిల్ల మగ్గం పక్కనే చాప మీద నిద్రపోతోంది. కాలు గొంగడి బయటికి వచ్చింది. తల్లి వంగి చూస్తే మువ్వ నోట్లో నల్లగా ఏదో కూరి ఉంది. ఉన్ని. తాను ఏకి, వడికి, మగ్గం మీద పెట్టుకున్న ఉన్నే. పరాయి ఉన్నైనా కాదు గదా అని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుల్లతో మొత్తం లాగేసింది.

మర్నాటికి మళ్ళీ ఉంది. మళ్ళీ లాగింది. మూడో రోజు పిల్ల నిద్రపోలేదు, కళ్ళు మూసుకుని ఉంది.

"నన్ను ఎందుకు ముట్టుకుంటావు?" అంది లేచి కూర్చుని.

"నీ తల్లిని. ముట్టుకుంటాను. దొంగతనంగా ఎక్కడికి పోతున్నావో అడుగుతాను."

"దొంగతనం నేనా చేసింది? నిద్రపోతుంటే కాలు పట్టుకుంది ఎవరు?"

గొంగళ్ళమ్మ నోట చాలా మాటలు వచ్చాయి. అవన్నీ ఇక్కడ చెప్పుకోవడం మర్యాద కాదు. ఆ తర్వాత నాలుగు రోజులు తల్లీకూతుళ్ళు మాట్లాడుకోలేదు. ఒకే కుండలోని జావ ఒకరు తాగాక ఒకరు తాగారు. ఐదో రోజు ఆమె కోపంగా కొలిమి దగ్గరికి నడిచింది.

"తాతా, నోరు లేని మువ్వ చేసిపెట్టు. దాంట్లో ఏదీ కూరడానికి వీల్లేకుండా ఉండాలి."

"నోరు లేకపోతే మోగేదెట్లా తల్లీ?"

"అదంతా నాకు తెలీదు. మోగాలి. మూసుకోవాలి. నా కూతురు ఎక్కడుందో నాకు తెలియాలి."

తాత లేచి మూలనున్న చెక్కపెట్టె ఈడ్చుకొచ్చాడు. కనుమ దాటిన పిల్లల మువ్వలన్నీ కరిగించడానికి ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన కరిగించేవాడు కాదు. పెట్టె ఆమె ముందు గుమ్మరించాడు. వందల మువ్వలు నేల మీద దొర్లాయి గాని ఆ కొలిమిలో ఒక్క ఘల్లుమన్న చప్పుడు లేదు.

గొంగళ్ళమ్మ ఒకటి తీసి చూసింది. నోటి నిండా ఎండిపోయిన బంకమట్టి. ఇంకోదాంట్లో ఆకులు. ఒకదాంట్లో ఉన్ని, ఒకదాంట్లో జిల్లేడు దూది. ప్రతి మువ్వ మీదా అది ఏ ఇంటిదో గుర్తు గీసి ఉంది. బుర్రమీసాలాయన ఇంటి గుర్తున్న ఆయన చిన్ననాటి మువ్వలో చింతపండు కుక్కి ఉంది, రాయిలా గట్టిపడిపోయి.

"మా నాయన కాలంనుంచి చూస్తున్నా. ఖాళీగా వచ్చిన మువ్వ ఒక్కటీ లేదు" అన్నాడు తాత. "ఇదుగో, ఇది నీది."

"నాది కాదు. నేనట్లాంటి పని చెయ్యలేదు."

"మీ పుట్టింటి గుర్తే కదా. మూడు గీతలు."

ఆమె అందుకుంది. మువ్వ నోట్లో పచ్చటి తేనెమైనం నింపి ఉంది. నింపిన పిల్ల దాన్ని బొటనవేలితో గట్టిగా అదిమింది. వేలిముద్ర గీతలతో సహా అలాగే నిలిచి ఉంది. గొంగళ్ళమ్మ ఆ గుంటలో తన బొటనవేలు పెట్టి చూసుకుంది. వేలు పట్టలేదు. గుంట మరీ చిన్నది.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. కొండ పైన ఒక బండ. ఆ బండ మీద తను ఒక్కతే కూర్చునేది. ఏం చేసేది? ఏమీ చేసేది కాదు. గాలి వచ్చేది, పోయేది. కింద ఊరు అగ్గిపెట్టెలంత ఇళ్ళతో కనిపించేది, వాటిలో తనది ఒకటి. ఎందుకో ఏడుపొచ్చేది, ఎందుకో చచ్చేంత సంతోషంగా ఉండేది. ఇంటికొచ్చాక ఎక్కడికి పోయావే అని అమ్మ అడిగితే, ఏం లేదు అనేది. నిజంగానే ఏం లేదు. ఉన్నదాన్ని చెప్పడానికి ఆ వయసులో మాట దొరికేది కాదు.

"మా అమ్మకు తెలుసా తాతా?"

"మీ అమ్మా నా దగ్గరికి వచ్చి పెద్ద మువ్వ అడిగింది."

"నువ్వేం చేశావు?"

"ఇచ్చాను. నేను మువ్వలు ఇచ్చేవాణ్ణి గాని బుద్ధులు చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు తాత. మువ్వలన్నీ మళ్ళీ పెట్టెలోకి ఎత్తుకున్నాడు. ఆమెది మాత్రం ఆమె చేతిలోనే వదిలేశాడు.

ఇంటికి వచ్చేసరికి పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. తల్లిని చూసి ముఖం తిప్పుకుంది. గొంగళ్ళమ్మ లోపలికి పోయి, ఉట్టి మీది తేనె చట్టిలోంచి మైనం ముద్ద ఒకటి తెచ్చి కూతురి పక్కన పెట్టింది.

"ఇదేంటి?"

"ఉన్ని వానకు తడిస్తే బరువెక్కి జారిపోతుంది. మైనమైతే నిలుస్తుంది."

పిల్ల మైనాన్ని చూసింది, అమ్మను చూసింది. ఇందులో ఏదైనా మోసముందా అని చాలాసేపు చూసింది. తల్లి నవ్వాపుకోలేకపోయింది. తల్లి నవ్వితే పిల్లకూ నవ్వొచ్చింది, రాకూడదనుకుంటూనే. ఐదు రోజుల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే. గొంగళ్ళమ్మకు ఒళ్ళు తేలికపడింది.

ఆమె ఏమీ అడగలేదు. అడగకపోయేసరికి పిల్లే చెప్పింది.

"ఆ చప్పుడులో నాకు ఇంకేమీ వినపడదమ్మా. పిట్ట ఎక్కడ అరిచిందో తెలీదు. నేను వస్తుంటే అందరూ మాటలు ఆపేస్తారు. నా అడుగు చప్పుడు ఎట్లా ఉంటుందో నాకే తెలీదు. పుట్టిన్నాటినుంచీ మువ్వే విన్నాను."

"మరి పొగమంచు పడితే? నువ్వెక్కడున్నావో నాకెట్లా తెలుస్తుందే?"

పిల్ల ఆలోచించింది. బదులు దొరకలేదు. తల్లికీ దొరకలేదు. తర్వాత పిల్ల మైనం ముద్ద తీసుకుని లోపలికి పోయింది.

ఆ నెలంతా వాళ్ళిద్దరికీ హాయిగా గడిచింది. పిల్ల పోయేటప్పుడు, "అమ్మా, పైకి పోతున్నా" అని చెప్పేది. అంతకంటే చెప్పేది కాదు. ఒక్కోసారి తిరిగొచ్చి, నక్క పిల్లలకు ఎట్లా నడక నేర్పుతుందో చెప్పేది. ఒక్కోసారి 'ఏం లేదు' అనేది. తల్లి దానికీ తలూపేది.

అలాంటి ఒకరోజు పొద్దున, పిల్ల పైకి వెళ్ళిన గడియకే పొగమంచు దిగింది. మామూలు మంచు కాదు. ముందు కనుమ పోయింది, తర్వాత గుట్ట, తర్వాత వీధి. గొంగళ్ళమ్మ చెయ్యి చాపితే తన వేళ్ళు తనకు మసకగా కనిపించాయి. పైన బండకు పడమటి వైపు నేల ఉండదు, లోయ. రెండు మూడేళ్ళకోసారి ఏదో ఒక మేక అక్కడ అడుగు తప్పి పోతుంది. కూతురి మువ్వలో మైనం ఉంది. ఆ మైనం తన చేత్తో ఇచ్చిందే.

బుర్రమీసాలాయన అయిదారుగురిని వెంటేసుకుని డప్పులతో వాకిట్లోకి వచ్చాడు.

"చెల్లెమ్మా, నీ కూతురు పైనుందట గదా. నువ్వేం భయపడకు. అందరం తలో దిక్కూ పోయి వెతుకుతాం. మావాడైతే ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాడు. నే చెప్తూనే ఉన్నా, పిల్లల్ని కట్టుదిట్టంగా పెంచాలని."

ఆమె కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. అరవమని గొంతు పీకుతోంది. కాని డప్పుల్ని చూడగానే, ఒకే బండకు అటూ ఇటూ కూలబడ్డ తండ్రీకొడుకులు ఆమె కళ్ళ ముందు కదిలారు.

"ఎవరూ కదలొద్దన్నా" అంది.

"ఏంటీ?"

"మీరు తలో దిక్కూ కదిలితే నా పిల్ల ఏ చప్పుడు వెంట పోవాలి? మీ వెంట తిరిగి తిరిగి అంచుకు పోతుంది. డప్పులు కింద పెట్టండి."

"మరి దాన్ని ఎవరు వెతకాలి?"

గొంగళ్ళమ్మ లోపలికి పోయి, చూరులో దాచిన తన పాత మువ్వ తీసింది. పుల్లతో మైనం గీకింది. వేలిముద్ర ముక్కలై రాలింది. గుండు కదిలి, పాతికేళ్ళ తర్వాత ఆ మువ్వ ఘల్లుమంది. దాన్ని మగ్గంలో, పోగును దగ్గరికి తోసే చెక్కబద్దకు కట్టింది. తలుపులు బార్లా తెరిచి మగ్గం ముందు కూర్చుంది. పోగు వేసి బద్ద కొట్టింది. ఘల్లు. మళ్ళీ పోగు, మళ్ళీ బద్ద. ఘల్లు.

"అది ఎక్కడుందో నాకు తెలీదన్నా. నేనెక్కడున్నానో దానికి తెలియాలి" అంది.

బుర్రమీసాలాయన నిర్ఘాంతపోయాడు. "తల్లివేనా నువ్వు? కూతురు లోయ అంచున ఉంటే మగ్గం నేస్తావా?" అన్నాడు. వచ్చినవాళ్ళు కూడా గొణుక్కున్నారు. కాని తల్లి వద్దన్నాక ఎట్లా పోతారు? డప్పులు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆమెను చూస్తూ, మంచును చూస్తూ ఉండిపోయారు.

ఆ పూట ఆమె నేసిన గొంగడి చూస్తే ఎవరైనా నవ్వుతారు. పోగులు తప్పాయి, అంచు వంకర పోయింది. చేతులు నేస్తున్నాయి గాని ప్రాణం పడమటి అంచున ఉంది. కూర్చోవడం ఇంత కష్టమైన పని అని ఆమెకు అంతవరకు తెలీదు. మంచు తలుపులోంచి లోపలికి వచ్చి మగ్గం మీద కూడా పరుచుకుంది. ఒక ఝాము గడిచింది. రెండో ఝాములో భుజం పట్టేసింది. బద్ద చేతిలోంచి జారింది. మువ్వ ఆగింది.

అరుగు మీద అందరూ ఒక్కసారి తలలెత్తారు. ఆ నిశ్శబ్దానికి వాళ్ళకూ భయమేసింది. బుర్రమీసాలాయన లేచి లోపలికి వచ్చి, మగ్గం పక్కన చతికిలబడ్డాడు.

"లే చెల్లెమ్మా. నాకు నేత రాదు గాని కొట్టడం వచ్చు. ఎట్లా కొట్టమంటావు?"

"నిదానంగా అన్నా. ఒకే తీరుగా. తొందరగా కొడితే పిల్ల పరిగెత్తుతుంది. జారిపడుతుంది."

ఆయన జీవితంలో ఏ పనీ నిదానంగా చేసిన మనిషి కాదు. మొదట్లో నాలుగుసార్లు ఉరికించాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. మెల్లమెల్లగా చెయ్యి దారికి వచ్చింది. ఘల్లు. ఒక ఊపిరి. ఘల్లు. గొంగళ్ళమ్మ గుమ్మానికి ఆనుకుని మంచులోకి చెవులు పెట్టి నిలబడింది. ఏ చప్పుడూ లేదు. ఉండదని ఆమెకు తెలుసు.

పొద్దు నడినెత్తి దాటాక ఆ తెల్లదనంలోంచి కూతురు వచ్చి అమ్మ ముందు నిలబడింది. జుట్టు తడిసి ముఖానికి అంటుకుంది. మోకాలు గీరుకుపోయింది. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. తల్లి దాని ముఖం, భుజాలు, చేతులు అన్నీ తడిమి చూసుకుంది. ఈసారి పిల్ల జారిపోలేదు.

"ఆకలేస్తోందమ్మా" అంది.

గొంగళ్ళమ్మ ఏడుస్తూనే పొయ్యి దగ్గరికి పోయి జావ పోసింది. బుర్రమీసాలాయన బద్ద వదిలేసి మీసాలు తుడుచుకున్నాడు. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి గదమాయించాడు.

"ఎక్కడ తప్పిపోయావే ఇంతసేపు?"

"తప్పిపోలేదు మామా. మువ్వ వినపడుతూనే ఉంది గదా."

"వినపడితే దిగి రావద్దూ?"

"వినపడుతోంది గదా అనే ఇంకాస్త పైకి పోయి చూశాం. మంచు పైన ఎండ ఉంది మామా. కింద అంతా తెల్లటి సముద్రం" అని పిల్ల జావ గుక్కెడు తాగింది. అంతలో చెవి ఒగ్గి, కంగారుగా మగ్గం వైపు చూసింది. "అయ్యో, ఎందుకాపావు? నేను ముందు దిగాను. మీవాడూ ఇంకో నలుగురూ ఆ చప్పుడు పట్టుకుని ఇప్పుడే దిగుతున్నారు."

అరుగు మీద డప్పులు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నా కూతురు అమ్మమ్మ ఇంట్లో ఉందే అన్నాడొకడు, తనలో తను.

బుర్రమీసాలాయన తన ఇంటివైపు చూశాడు. మంచులో ఇల్లు కనపడలేదు. లేవబోయాడు. గొంగళ్ళమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. బద్ద అందుకుని, ఊపిరి ఒకటి తీసుకుని, నిదానంగా కొట్టాడు.